నీళ్ల క్యాన్ మీద వేసిన నింద

మోటారుబండ్ల మీద కృష్ణా నది వెంట పోదామన్న ఆలోచన మా చెల్లెలిది. దానికి గద్వాలలో టైలరింగ్ షాపు ఉంది. కుట్టుమిషన్ పక్కన ఫోను నిలబెట్టుకొని, చిన్న చిన్న బండ్ల మీద డేరాలు కట్టుకొని మట్టిబాటల్లో తిరిగేవాళ్ల వీడియోలు చూస్తుండేది. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "అక్కా, మనకు బాటలు లేవా, బండ్లు లేవా? మనమెందుకు పోవద్దు?" అంది.

బాటలకు కొదువ లేదు. గద్వాల దగ్గర మొదలుపెడితే, కాలువ గట్లు, ఎడ్లబండ్ల బాటలు, చెలకల మధ్య దారులు పట్టుకొని, తారు రోడ్డు వీలైనంత తక్కువగా ఎక్కుతూ పాన్‌గల్ మీదుగా కొల్లాపూర్ దాకా, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో అడవి మొదలయ్యే చోటి దాకా పోవచ్చు. బండ్లూ ఉన్నాయి. నేను వనపర్తిలో ఉంటాను. పాన్‌గల్ దారిలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. ఆ ఊరికి బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది కాబట్టి మా ఆయన పాత వంద సీసీ బండి మీదే పోయి వస్తుంటాను. చెల్లెలు కూడా అలాంటిదే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. ఇద్దరమూ అయిజ దగ్గర మా ఊళ్లో, పత్తిచేల మధ్య, చిన్నాయన బండి మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నవాళ్లమే.

కష్టం నా ఒంటితో వచ్చింది. నా బిడ్డ పుట్టినప్పటి నుంచి నాకు మూత్రం సరిగ్గా ఆగదు. మొదట్లో తుమ్మితేనో గట్టిగా నవ్వితేనో ఒక చుక్క. పోను పోను బిందె ఎత్తినా, బస్సు గుంతలో పడినా బట్ట తడిసేది. ఆ బిడ్డ ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్లలో ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ ఉన్నప్పుడు ఆమెకూ చెప్పలేదు. ముదురు రంగు బట్టలే కొనుక్కోవడం, పెండ్లికి పోతే ముందు బాత్రూము ఎటుందో చూసుకోవడం, ప్రయాణమంటే పొద్దుటి నుంచి నీళ్లు మానేయడం అలవాటైపోయి, దానికి మందో మాకో ఉంటుందన్న ఆలోచనే రాలేదు. బాలింతలకు "ఏమున్నా దాచొద్దు" అని చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం.

అయినా చెల్లెలికి సరే అన్నాను. భర్తను వదిలి వచ్చి ఒక్కతే ఉంటున్నప్పటి నుంచి అది నన్ను ఏదీ అడగలేదు. ఇదొక్కటే అడిగింది.

ఆ వానాకాలం చివరంతా సామాను సమకూర్చుకోవడంలోనే గడిచింది. అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు చాలా కాలంగా లేవు. చెల్లెలు పాత లారీ టార్పాలిన్ సంపాదించి బండికి రెండు వైపులా వేలాడే సంచులు కుట్టింది. మామూలు సూది విరిగిపోతే చెప్పులు కుట్టే దబ్బనంతో చేత్తోనే అంచులు కుట్టింది. వెల్డింగు షాపులో కారియర్ వెడల్పు చేయించాం. సైలెన్సర్ వేడికి సంచి కాలకుండా మధ్యలో ఒక రేకు ముక్క పెట్టించాం. పాత ట్యూబును పట్టీలుగా కోసి సామాను కట్టే బెల్టులు చేశాం. తాడు జారుతుంది గాని ట్యూబు పట్టీ జారదు. తుమ్మముళ్లకు భయపడి ట్యూబులు, పంపు, పానాలు ఒక డబ్బాలో పెట్టాం. డేరా చెల్లెలు ఆన్‌లైన్‌లో తెప్పించింది. దాన్ని షాపులోనే విప్పి నిలబెట్టి, బ్లౌజులు తీసుకపోవడానికి వచ్చిన ఆడవాళ్లను లోపల కూచోబెట్టి చూపించిందట. నేను అటుకులు, పల్లీపొడి, చింతకాయ తొక్కు సిద్ధం చేశాను. వనపర్తి బజారులో ఎప్పుడూ కొనే ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో నీళ్లకని రెండు క్యాన్లు కొన్నాను.

అన్నీ కట్టుకొని ఒకసారి తిరిగి చూద్దామని ఒక ఆదివారం చెల్లెలు వనపర్తి వచ్చింది. ఊరు దాటి కాలువ గట్టు ఎక్కాం. అది ముందు, నేను వెనక. గట్టు మీద రాళ్లు తేలి ఉన్నాయి. రోజూ పోయే రోడ్డు మీద నాకు బండి ఎప్పుడూ ఇంతగా ఎగరలేదు. సామాను బరువుకు వెనక చక్రం ఒక్కో రాయి మీద ఎక్కి దిగుతుంటే, నేను పండ్లు బిగించి, కాళ్లు బిగించి కూచున్నాను. ఒక కల్వర్టు దగ్గర బండి గుంతలో పడి లేచింది. అంతే, ఆగలేదు. ఒక చుక్క రెండు చుక్కలు కాదు. చుడీదారు తడిసి, సీటు తడిసి, వెచ్చగా తొడల మీదికి వచ్చింది.

చెల్లెలు చాలా ముందుకు పోయింది. అది వెనక్కి తిరిగి చూసేలోపు ఏదో ఒకటి చేయాలి. బండి ఆపి, నా వెనకే కట్టి ఉన్న నీళ్ల క్యాను మూత విప్పి, సీటు మీద, నా బట్టల మీద నీళ్లు పోసుకున్నాను. మూత మళ్లీ సగమే తిప్పి వదిలేశాను.  

చెల్లెలు బండి తిప్పుకొని వచ్చింది. "ఏమైందక్కా?"

"క్యాను కారిందే. మొత్తం తడిసిన."

అది దిగి క్యానును చూసింది, మూతను చూసింది. "కొత్త క్యానే కదా, గిట్లెట్ల కారుతది? రేపు అడవిల నీళ్లన్నీ కారిపోతే మన గతేంది?" అంది. "పా, ఇప్పుడే పోదాం దుకాణానికి."

"ఇప్పుడొద్దు, తడి బట్టలతోని..."

"తడి బట్టలతోనే పోవాలె. అప్పుడు తెలుస్తది వానికి."

ఇంటికి పోయి మార్చుకొని వస్తానని ఎట్లాగో ఒప్పించాను. ఇంట్లో కూచుంటే ఒక్కతే పోతుంది. అది పోయి ఏమంటుందోనన్న భయానికి నేనూ దుకాణానికి పోయాను.

దుకాణం ఆయన పెద్దమనిషి, మెతక మనిషి. అంగన్‌వాడీ పిల్లలకు గ్లాసులు, బకెట్లు ఏళ్లుగా ఆయన దగ్గరే కొంటాను. అందరం సేటూ అంటాం. గిరాకీ బాగానే ఉంది. చెల్లెలు క్యాను తీసుకపోయి గల్లాపెట్టె మీద పెట్టింది.

"సేటూ, గిది కారుతున్నది. మా అక్క మొత్తం తడిసింది."

ఆయన క్యాను నింపించి, మూత బిగించి, తుడిచి, ఒక పేపరు మీద బోర్లా పెట్టాడు. వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. పేపరు తడవలేదు.

"మంచిగనే ఉన్నది కదమ్మా."

"ఈడ బల్ల మీద పెడితే ఏం కారుతది? బండి మీద కుదుపుకు కారుతది. మేము అడవికి తీసుకపోయేది. నీళ్లు లేక చస్తే ఎవరు జవాబు చెప్తరు? తక్కువ రకం సామాన్లు తెచ్చి అమ్ముడెందుకు?"

"తక్కువ రకం కాదమ్మా. ఇన్ని అమ్మిన, ఒక్కరు గూడ వాపస్ తేలే."

"అంటే మేము అబద్ధం చెప్తున్నమా?"

ఆయన దాన్ని వదిలి నావైపు తిరిగాడు. "టీచరమ్మా, నువ్వు చూసినవా కారుడు?"

నిజం చెప్పకపోయినా, మూత నేనే సరిగ్గా పెట్టలేదేమో అనగలిగి ఉంటే సరిపోయేది. ఆ చిన్న మాట కూడా నోటికి రాలేదు. ఏ మాట కదిపితే అసలు సంగతి ఎక్కడ బయటపడుతుందో అన్నట్టుంది. "చూసిన సేటూ" అన్నాను.

"నువ్వు చెప్తే సరే" అన్నాడాయన. ఇంకో రకం క్యాను తీసి ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. దుకాణం ముందు దండలా వేలాడుతున్న ఆ రకం క్యాన్లన్నీ కొక్కెం నుంచి తీయించి లోపల పడేయించాడు. "టీచరమ్మ అబద్ధం చెప్పదు. ఇవి అమ్మొద్దు" అని పనివాళ్లకు చెప్పాడు. అప్పుడే ఒక క్యాను బేరం చేస్తున్న ముసలాయన దాన్ని కింద పెట్టి వెళ్లిపోయాడు. నేను తల వంచుకొని బయటికి వచ్చాను. చెల్లెలు మాత్రం గెలిచి వచ్చినట్టు, "గట్ల గట్టిగ అడగాలె" అంది.

ఆ తర్వాత నాకు సామాను ముట్టబుద్ధి కాలేదు. ఇంట్లో మూలకు పెట్టిన సంచుల మీద పాత చీర కప్పాను. రాళ్లబాట మీద రోజంతా బండి నడపాలి, రాత్రి ఒకే డేరాలో చెల్లెలి పక్కన పడుకోవాలి. ఎన్నిసార్లు క్యాను కారుతుంది? మంచినీళ్లు తాగడం తగ్గించి చూశాను. తలనొప్పి వచ్చింది గాని అది ఆగలేదు. ఒకసారి మోకాలు నొప్పి అన్నాను. ఇంకోసారి సెలవు దొరకడం లేదన్నాను. ఫోను చేస్తే ఎత్తకుండా ఊరుకున్నాను. ఇట్లా దాటేస్తూ దాటేస్తూ, చివరికి ఒకరోజు నేనే గద్వాల పోయాను, ఇక రానని చెప్పేద్దామని.

షాపులో గిరాకీ లేదు. చెల్లెలు మిషన్ మీద డేరా మేకులకు చిన్న సంచి కుడుతోంది. నేను మోకాలి మాట మళ్లీ ఎత్తాను. అది కుట్టు ఆపలేదు.

"మోకాలు కాదులే అక్కా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నాతోని తిరిగితే నీకు ఇజ్జత్ తక్కువైతది. మొగన్ని ఇడిసిపెట్టిన దానితోని ఊర్లు పట్టుకొని తిరుగుతున్నదని మీ అత్తగారోళ్లు అంటరు. ముందే చెప్తే అయిపోవు కదా. నేను ఇన్ని దినాలు ఈ సంచులన్నీ ఎందుకు కుట్టుకుంట కూసున్న?"

"అది కాదే" అన్నాను.

"మల్లేంది?"

కాదన్నానే గాని, దానిలో కొంత నిజం ఉంది. ఇంట్లో మా అత్తకు నేను చెప్పింది చెల్లెలితో పోతున్నానని కాదు, అంగన్‌వాడీ ట్రైనింగు ఉందని. ఎందుకట్లా చెప్పానో నన్ను నేను అడుక్కోలేదు. ఇప్పుడు అది నా ఎదురుగా కూచొని అడుగుతోంది. రెండు సిగ్గుల్లో ఒకటి, దానితో కనబడాలంటే నాకున్న సిగ్గు, దాని నెత్తిన పడింది. ఇంకోటి, నా ఒంటిది, చెప్పకపోతే మొదటిది అక్కడే ఉండిపోతుంది.

"క్యాను కారలేదే" అన్నాను. "కారింది నేను."

దానికి అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి అన్నాను. కాలువ గట్టు మీద నీళ్లు పోసుకున్న సంగతి చెప్పాను. మొత్తం చెప్పేదాకా దాని మొహం చూడలేదు. నేల మీద పడి ఉన్న దారం ముక్కలు చూస్తూ చెప్పాను. ట్రైనింగు మాట కూడా చెప్పాను. అది చెప్పడమే ఎక్కువ కష్టమైంది.

చెల్లెలు కుడుతున్న సంచిని పక్కన పెట్టింది. తర్వాత, "అయ్యో, ఆ సేటును గన్ని మాటలన్న కదనే, అందరి ముందట" అంది.

"అన్నవ్."

"నువ్వు పక్కకే నిలబడి చూస్తుంటివి."

"చూసిన."

దానికి కోపంగా ఉందో, ఏడుపు వస్తోందో తెలియలేదు. లేచి పోయి నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. "తాగు. పెదవులు పగిలినయి నీకు" అంది. తాగుతుంటే అడిగింది, "బావకు తెల్సా?"

"తెల్వదు."

"ఇన్నేండ్లు ఒక్కదానివే..." అని ఆపేసింది. ట్రైనింగు గురించి ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ వారమే నన్ను వనపర్తి దవాఖానకు తీసుకపోయింది. బెంచీ మీద నేను పనిచేసే ఊరి బాలింత ఒకామె పిల్లను ఎత్తుకొని కూచుంది. "టీచరమ్మా, నీకేమైంది?" అని అడిగితే, "నడుమునొప్పి" అన్నాను. చెల్లెలు నావైపు చూసింది. లేడీ డాక్టరు పరీక్ష చేసి, కాన్పు తర్వాత లోపలి కండరాలు వదులై ఇట్లా అవుతుందని, చాలామందికి ఉంటుందని చెప్పింది. బిగపట్టి వదిలే వ్యాయామాలు నేర్పింది. నీళ్లు మానేస్తే ఇంకా చెడుతుందని కోప్పడింది. "కాన్పైనంకనే వస్తే ఇంత దాకా రాకపోవు" అంది. చాలామందికి ఉంటుందన్న మాట వింటే తేలిక కావాలి. నాకు మాత్రం, అంతమందిలో ఒక్కరు కూడా నా దగ్గరికి వచ్చి ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసి, ఇంకా సిగ్గేసింది.

దుకాణానికి ఒక్కదాన్నే పోయాను. చెల్లెలు వస్తానంది, వద్దన్నాను. ఆయనకు అసలు సంగతి చెప్పడం నావల్ల కాలేదు. "సేటూ, ఆ క్యాను మంచిదే. మూత నేనే సరిగ్గ పెట్టలే. మిమ్మల్ని ఉత్తగనే పరేషాన్ చేసినం" అన్నాను.

ఆయన నావైపు వింతగా చూశాడు. "అవన్నీ వాపస్ పంపించిన కదమ్మా. ఆ సామాన్లు సప్లై జేసేటాయనతోని లొల్లి గూడ అయింది" అన్నాడు. ఆయన ఫోను తీసి ఆ మనిషికే చేసి, నాలుగు మాటలు మాట్లాడి, ఫోను నా చేతికిచ్చాడు. "నువ్వే జర చెప్పమ్మా. నేను చెప్తే నమ్మడు."

నేనెన్నడూ చూడని ఒక మనిషితో, పది మంది గిరాకీల ముందు నిలబడి, "అన్నా, తప్పు క్యానుది కాదు, నాది" అని చెప్పాను. అవతలాయన, "ఏం జేసినవమ్మా క్యానుకు?" అని అడిగాడు. "మూత సగమే తిప్పిన" అన్నాను. అది నిజమే. ఆయన నవ్వాడు. సేటు కూడా నవ్వాడు. వాళ్లతో పాటు నేను నవ్వలేకపోయాను.

ప్రయాణం నాటికి చెల్లెలు ఇంకో రెండు వస్తువులు కుట్టింది. సీటు మీద పరిచి విప్పి ఉతుక్కునే ఒక కవరు. నాలుగు కర్రలకు తగిలిస్తే నిలబడే ఒక తెర, బట్టలు మార్చుకోవడానికి. రెండూ నా సంచిలో అడుగున కాకుండా పైననే పెట్టింది.

చెల్లెలు చీకటితోనే గద్వాల నుంచి బండి మీద వచ్చింది. పొద్దున్నే మా వాకిట్లో సామాను కడుతున్నాం. మా ఆయన డ్యూటీకి పోయాడు. మా అత్త బయటికి వచ్చి, డేరా మూటను, పొయ్యిని, క్యాన్లను చూసింది. చెల్లెలిని పలకరించలేదు.

"ట్రైనింగుకు గిన్ని సామాన్లేంది?" అంది నాతో.

చెల్లెలు ట్యూబు పట్టీ లాగి ముడేస్తోంది. దాని చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ట్రైనింగు కాదత్తమ్మా. అబద్ధం చెప్పిన. చెల్లెతోని పోతున్న, కొల్లాపూర్ దిక్కు. దినాం ఫోన్ చేస్త."

మా అత్త చెల్లెలిని పై నుంచి కింది దాకా చూసింది. "నీకు వేరే తోడు దొరకలేనట్టుంది" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ మాట దానికి వినబడాలనే అంది. వినబడింది. నేను తలుపు దాకా పోయి, తట్టకుండానే వెనక్కి వచ్చాను. "పా అక్కా, ఎండ ఎక్కుతది" అంది చెల్లెలు.

పాన్‌గల్ దాటి కాలువ గట్టు ఎక్కేదాకా అది వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత ఆపి, హెల్మెట్ తీసింది.

"ఆమెకు గట్ల చెప్పకపోయినా నడుస్తుండె."

"నడుస్తుండె. మొదాలే చెప్పాల్సి ఉండె" అన్నాను.

"సరే" అంది. నా మొహం చూసి, "పోవాల్నా?" అని అడిగింది.

"పోవాలె."

చుట్టూ వేరుశనగ చేలు, చాటుకు ఒక పొద కూడా లేదు. చెల్లెలు తెర కట్టింది. అంతలో గట్టు మీద ఒకాయన మేకల మందను తోలుకొని వస్తున్నాడు. అది ఎదురుపోయి రెండు చేతులూ చాచి నిలబడింది. "అన్నా, జర ఆగు. మా అక్క లోపల్నున్నది." ఆయన ఆగి అటు తిరిగాడు. మేకలు మాత్రం ఆగలేదు. తెర చుట్టూ రెండు పాయలుగా చీలి వచ్చి, ఒకటి అంచు కూడా నమిలింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలిసీ నవ్వాను.

కొల్లాపూర్ దాటి అడవి చెక్‌పోస్టు దాకా పోయాం. లోపల డేరాలు వేయనివ్వరంటే వెనక్కి తిరిగి, ఒక రైతు ఒప్పుకుంటే నది పక్కన ఆయన చెలకలో ఉన్నాం. దారిలో ఒకటికి రెండుసార్లు బట్టలు తడిశాయి. ఆపవే అంటే ఆపింది. మా అత్త అన్న మాటకు చెల్లెలు ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు, నేనే గద్వాల పోతున్నాను. వ్యాయామాలు చేస్తున్నాను, కొంత నయం. మా ఆయనకు మాత్రం ఇంకా చెప్పలేదు.